పదకొండు గంటల గీత

నాడె మగ్గం గుంటలో పడి ఉంది. పేక పోగు జానెడు పొడవున తెగి వేలాడుతోంది.

శేషప్ప గుంట అంచున చతికిలబడ్డాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. లేవాలంటే మళ్ళీ ఆ నొప్పే కదా అని కాసేపు అట్లాగే ఉండిపోయాడు. పొద్దున్నుంచీ తిరుగుడే. ఎమ్మిగనూరు బస్టాండులో ఇద్దరు కండక్టర్లను, జట్కాలవాళ్ళను, సోడాకొట్టు మనిషిని అడిగాడు. శుక్రవారం నాడు ఉచ్చీరప్పను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడలేదని చెప్పడానికి ఒక్కొక్కరూ పావుగంట తీసుకున్నారు.

“ఇదంతా ఎవరన్నా ముట్టుకున్నారా, అక్కా?”

“ఎవురు ముట్టుకుంటారప్పా. నిన్న రెండుకు వచ్చి సూసినప్పుడు యెట్లుండెనో అట్లే ఉంది,” అంది భీమక్క. ఆమె గడపలో కూచుని కండెలు చుడుతోంది. నేసే మనిషి లేకపోయినా రాట్నం ఆపడం ఆమెకు చేతకాలేదు.

భీమక్క తమ్ముడు ఉచ్చీరప్ప తొమ్మిదేళ్ళు ఆదోనిలోని నిర్మలవాక్కు మందిరంలో ఉన్నాడు. ఊళ్ళో అందరూ దాన్ని తెల్లగోడల మందిరం అంటారు. అందులో చేరినవాళ్ళకు పేరుండదు, అక్కచెల్లెళ్ళుండరు. ‘నేను’ అనే మాట నోట రాకూడదు. ‘ఈ బిడ్డ’ అనాలి. జబ్బు చేస్తే మందు లేదు. జబ్బంటే ఒప్పుకోని తప్పు. పోయిన కార్తీకంలో హుసేనమ్మ అనే కూలిమనిషికి జ్వరం వస్తే, తప్పు ఒప్పుకునేదాకా ఉండమని ఒంటిగదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారు. మూడో రోజు ఆమె పోయింది. మందిరం నుంచి వెళ్ళిపోతూ దారిలో పడి చనిపోయిందని వాళ్ళు కాగితం రాశారు. ఆ కాగితం కింద సాక్షి సంతకం ఉచ్చీరప్పదే.

నెల కిందట అతను గోడ దాటి బయటికొచ్చాడు. తనతోపాటు అక్కడ చేరిన భార్య జయమ్మ రానంది. అక్క ఇంటికొచ్చి, మందిరంలో చేరినప్పుడు వదిలిన మగ్గం మీదనే కూచున్నాడు. అంతటితో ఊరుకుని ఉంటే అతని జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కానీ వారం తిరక్కుండా ఆదోని పోయి, హుసేనమ్మ అన్న తరపు ప్లీడరు ముందు నిలబడ్డాడు. “ఆ కాగితం అబద్ధం. గొళ్ళెం పెట్టింది నేనే. కోర్టులో సెప్తా,” అన్నాడు. నిన్ను కూడా లోపల వేస్తారయ్యా అని ప్లీడరు అంటే, “వేయనీండి” అన్నాడట.

సోమవారం పదకొండు గంటలకు ఆదోని కోర్టులో అతను బోనెక్కాలి. శుక్రవారం మాయమయ్యాడు. ప్లీడరు శేషప్పను పంపాడు. ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్నప్పుడు శేషప్ప పదహారేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి మానుకున్నాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. ఆ మాట అతని గది బయట బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినిపించదు.

“నిన్న నువ్వు ఎన్ని గంటలకు పోయినావు?”

“ఠాణాలో ఆరు కొట్టినారు. నేను గుర్తుపోగు ఏసి లేసినా. వాడు కూచున్నాడు. నేను బట్ట తీసుకొని సొసైటీకి పోతి. ఆడ ఒంటిగంట దాకా కూచోబెట్టినారు.”

ఒకే చీరను ఇద్దరు నేసేటప్పుడు, ఒకరు లేచి ఇంకొకరు కూచునే చోట అంచులో ఒక ఎర్రపోగు తగిలిస్తారు. దాన్నే గుర్తుపోగు అంటారు. ఎవరు నేసింది ఎంతో రేపు తగువు రాకుండా.

శేషప్ప లేచి వంటింటి వైపు చూశాడు. పొయ్యి పక్కన మూతపెట్టిన సత్తుగిన్నె ఉంది. మూత తీశాడు. రెండు జొన్నరొట్టెలు, శెనక్కాయలు నూరిన ఊరిమిండి. రొట్టెలు ఎండి అంచులు పైకి లేచాయి.

“వానికి పెట్టిపోయినవే,” అంది భీమక్క అటు చూడకుండా. “పన్నెండు కొట్టినాక తింటాడు. ఒక నిమిషం ముందు తినడు, ఒక నిమిషం వెనక తినడు. మందిరం బుద్ది. పారేద్దామంటే సెయ్యి రాలేదప్పా.”

అయితే మాయమయింది పన్నెండు లోపలే. శేషప్ప మళ్ళీ మగ్గం దగ్గరికి వచ్చి, ఎర్రపోగు దగ్గర వేలు పెట్టి, బట్ట మీద నెమ్మదిగా ముందుకు జరిపాడు. ఆరు వేళ్ళ దూరంలో ఏదో తగిలింది. కంటికి కనబడనంత సన్నని గీత, అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. పేక అక్కడ ఒక వెంట్రుక మందం దగ్గరగా పడింది. ఇంకో ఆరు వేళ్ళకు మళ్ళీ గీత.

“ఇదేందక్కా?”

భీమక్క లేచివచ్చి చూసింది. అంతసేపటికి మొదటిసారి ఆమె ముఖం కొంచెం సడలింది.

“అదా. వాడు ఆగిన జాగా. నేసేవాడు మద్దెలో ఆగి మళ్ళా దెబ్బ కొడితే అట్లా గీత పడుతుంది. మందిరంలో గంటగంటకీ గంట కొడతారంట. కొడితే ఎవరి సెయ్యి యాడుంటే ఆడ ఆగిపోవల్ల. కండ్లు మూసుకొని ‘ఈ బిడ్డదే తప్పు’ అని నూరుసార్లు అనుకోవల్ల. ఈడికొచ్చినాక వీడు నోటితో అనడం మానేసినాడు. చేతులే మానలేదు. ఠాణాలో గంట ఠంగుమంటే సాలు, నాడె ఆగిపోతుంది. నూరు లెక్కబెట్టేంత సేపు. ‘ఒరే, నువ్వు గోడ దాటినావు గానీ నీ చేతులు ఆడే ఉండాయి కదరా’ అంటి. నవ్వినాడు. ‘వస్తాయిలే అక్కా, అవీ వస్తాయి’ అన్నాడు.”

శేషప్ప మళ్ళీ కొలిచాడు. ఆరు వేళ్ళకొక గీత. మొత్తం నాలుగు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పదో గంట గీత తరవాత పదకొండు వేళ్ళ బట్ట ఉంది. అందులో గీత లేదు. ఆ చివర నాడె చేజారింది.

“లెక్క కుదిరిందా శేషప్పగారూ?”

గొంతు వాకిట్లో నుంచి వచ్చింది. వెంకటేశ్వర్లు. బెజవాడ నుంచి మందిరం వాళ్ళు పిలిపించుకున్న డిటెక్టివు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలుసంచీ. గడప దగ్గర ఆగి, అక్కడున్న కొత్త చెప్పుల జతను పక్కకు నెట్టకుండా దాటి లోపలికి వచ్చాడు. ఆ జాగ్రత్త శేషప్ప గమనించాడు. పని తెలిసినవాడే.

“నేను ఈమెగారి కోసం వచ్చానండి. తమ్ముడు తన ఇష్టంతో మందిరానికి తిరిగి వెళ్ళాడని ఒక చిన్న కాగితం. వేలిముద్ర వేస్తే చాలు.”

“నాకు సంతకం వచ్చు,” అంది భీమక్క. “అందుకే ఎయ్యను.”

వెంకటేశ్వర్లు నొచ్చుకోలేదు. సంచీలోంచి ఇంకో కాగితం తీసి శేషప్పకు ఇచ్చాడు. ఉచ్చీరప్ప చేతిరాతే. ప్లీడరు దగ్గర అతను రాసిచ్చినది శేషప్ప చూశాడు. ‘ఈ బిడ్డ బయట తిరిగి బుద్ధి తెచ్చుకుని మందిరానికి వచ్చింది. ఈ బిడ్డదే తప్పు.’

“తారీకు లేదే.”

“భక్తికి తారీకు ఎందుకండి? నిన్న ఏడుంబావు బస్సెక్కాడు. తొమ్మిదింటికి మందిరంలో అడుగుపెట్టాడు. చూసినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు అతని భార్య.”

“పదింటికి ఈ మగ్గం మీద ఉన్న మనిషి తొమ్మిదింటికి ఆదోనిలో యెట్లా అడుగుపెడతాడు?” అని శేషప్ప గీతల సంగతి చెప్పాడు. వెంకటేశ్వర్లు శ్రద్ధగా విన్నాడు. వంగి, తన వేళ్ళతో తనూ కొలిచాడు.

“ఈమెగారే నేసి ఉండొచ్చుగా.”

“నేనా?” అంది భీమక్క. “నేను బిడ్డ ఏడ్సినా మగ్గం ఆపినదాన్ని కాదు నాయనా. ఠాణా గంటకు ఆపుతానా? నా నేత ఇదిగో, ఎర్రపోగుకు అవతల. ఒక్క గీత సూపించు,” అని పోయి మళ్ళీ రాట్నం దగ్గర కూచుంది.

అతను చూశాడు. లేదు. అయినా ఇవతలి ముక్క మీదకే వచ్చి వేలు ఆపాడు.

“మరి పదకొండు గంటల గీత ఏదండీ? ఇక్కడ దాదాపు రెండు గంటల నేత ఉంది. మధ్యలో పదకొండు కొట్టలేదా? ఒక గంటకు ఆగి, ఒక గంటకు ఆగకపోతే అది గడియారం ఎట్లా అవుతుంది? కోర్టులో నేనైతే ఈ ఒక్క మాటే అడుగుతాను.”

శేషప్ప గడప దగ్గరి చెప్పుల జత కేసి వేలు చూపించాడు.

“చెప్పులు సూడు,” అన్నాడు. “తొమ్మిదేళ్ళు ఒట్టికాళ్ళతో తిరిగిన మనిషి కొనుక్కున్న మొదటి జత. వదిలిపెట్టి పోయినాడా?”

“మందిరంలో చెప్పులు వేసుకోరుగా. మళ్ళీ అక్కడికే పోయేవాడికి చెప్పులెందుకు?” వెంకటేశ్వర్లు లేచి చేతులు దులుపుకున్నాడు. ఎగతాళి లేకుండానే అన్నాడు, “మీ సాక్షి గురించి ఇంకో మాట కూడా చెబుతాను, సోమవారం మీరు తెల్లబోకుండా. గొళ్ళెం పెట్టింది నేనే అంటున్నాడు కదా. హుసేనమ్మను ఆ గదిలో పెట్టారని మీరంటున్న మధ్యాహ్నం అతను కోసిగిలో ఉన్నాడు, భజన మేళంతో. కోసిగి రైలు స్టేషనులో ఇద్దరు గుర్తుపట్టారు. తిరిగొచ్చింది మర్నాడు పొద్దున. నిజం చెప్పడానికి బయటికొచ్చిన మనిషి మొదటి మాటే అబద్ధమండి.”

రాట్నం ఆగిపోయింది.

“మూడున్నరకు మందిరానికి రండి,” అన్నాడు వెంకటేశ్వర్లు గడప దాటుతూ. “భార్యను మీరే అడగండి, మా ఎదురుగా. అప్పుడైనా ఇంటికెళ్ళి పడుకుంటారు. మీ ముఖం చూస్తే నాకే నిద్రొస్తోంది.”

అతను పోయాక శేషప్ప మళ్ళీ గుంట అంచున కూచున్నాడు. పోలీసు ఉద్యోగంలో అబద్ధం చెప్పే సాక్షులతో విసిగే అతను బయటపడ్డాడు. ఉచ్చీరప్పను ఒక్కసారే చూశాడు. ప్లీడరు గదిలో బెంచీ చివర కూచుని, ‘నేను’ అనాల్సి వచ్చినప్పుడల్లా ఒక క్షణం ఆగి, గుటక మింగి, అప్పుడు అన్నాడు. ఆ గుటక అబద్ధమని అతనికి తోచలేదు.

“కోసిగి సంగతి నీకు తెలుసా అక్కా?”

“నాకు సెప్పలేదు. కానీ వాడు అబద్ధమాడితే తనకోసరం ఆడడప్పా. చిన్నప్పటి నుంచీ అంతే.” భీమక్క లేచి దూలంలో గుచ్చిన కత్తి తీసింది. “ఆ గుడ్డ నీకు కావల్ల కదా. కోసిస్తా.”

“వద్దక్కా. సగం చీర.”

“సగం నేసింది మగ్గం మీద కోస్తే ఏందో నీకు తెలుసునా?”

అతనికి తెలుసు. నేసేవాడు చచ్చిపోయిన ఇంట్లోనే సగం బట్టను కోస్తారు.

“అందుకే నేను కోస్తాండా,” అందామె. “వాడు బతికుండాడని కోస్తాండా. ఏమయితాదో సూస్తా.”

కత్తి పడుగు మీద పడినప్పుడు పోగులు ఒక్కటొక్కటే చిన్నగా చప్పుడు చేసి వెనక్కి పోయాయి. ఆమె గుడ్డ మడిచి ఇచ్చింది. దాంతోపాటు ఆ రెండు రొట్టెలూ మూట గట్టి ఇచ్చింది. “నువ్వన్నా తిను. లేకుంటే వానికి పెట్టు,” అంది.

ఒంటిగంట బస్సు ఆదోని చేరేసరికి రెండుంబావు. శేషప్ప తను ఎక్కడికి పోతున్నదీ ప్లీడరు గుమాస్తాకు ఒక చీటీ రాసిచ్చి, మూడున్నరకు తెల్లగోడల మందిరం వాకిట్లో నిలబడ్డాడు.

వాకిలి దాటగానే పొడుగాటి సాల. నేల మీద ఇరవై మంది తెల్లబట్టల్లో కూచుని పత్తిలో చెత్త ఏరుతున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. సాల చివర చిన్న చాప మీద జయమ్మ ఉంది. ఆమె పక్కన నిలబడ్డవాడు మాదన్న. మందిరం నడిపే పెద్దయ్య ఊళ్ళో లేనప్పుడు అక్కడ అతని మాటే మాట. వెంకటేశ్వర్లు గోడకు ఆనుకుని ఉన్నాడు.

“అడగప్పా,” అన్నాడు మాదన్న. “మా దగ్గర దాపరికం లేదు. నాలుగు కొట్టేలోపల ముగించు.”

“ముందు ఉచ్చీరప్పను సూడొచ్చునా?”

“మౌనంలో ఉండాడు. సోమవారం దాకా.”

“సోమవారం ఎన్ని గంటల దాకా?”

మాదన్న చాప వైపు చెయ్యి చూపించాడు. శేషప్ప జయమ్మ ఎదురుగా కూచున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. గోళ్ళ సందుల్లో పత్తి నూగు.

“నిన్న మీ ఆయన ఎప్పుడొచ్చినాడమ్మా?”

“తొమ్మిదికి.”

“నువ్వు సూసినావా?”

“ఈ బిడ్డ సూసింది.”

“ఏమన్నాడు?”

“తప్పయిందన్నాడు.”

“ఒక్కడే వచ్చినాడా?”

“ఒక్కడే.”

అన్నీ నేర్పిన జవాబులు. ఒక్కటి కూడా తడబడలేదు. శేషప్పకు ఆవలింత వచ్చింది. ఆపుకోలేదు.

“ఏం తిన్నాడు?”

జయమ్మ కళ్ళు ఒక్కసారి పైకి లేచి మళ్ళీ వాలిపోయాయి.

“నెల తరవాత మొగుడొచ్చినాడు. ఏడుంబావు బస్సుకు వచ్చినాడంటే ఏమీ తినకుండా వచ్చింటాడు. నువ్వేం పెట్టినావు?”

ఆమె మాదన్న వైపు చూసింది. ఈ జవాబు అతనూ నేర్పలేదు.

“తిండికీ కేసుకీ ఏం సంబంధమప్పా?” అన్నాడు మాదన్న.

“నాకు ఆకలైతాంది. అందుకని అడిగినా,” అన్నాడు శేషప్ప. గోడ దగ్గర వెంకటేశ్వర్లు మొదటిసారి కాళ్ళు మార్చి నిలబడ్డాడు. “పోనీ ఇది సెప్పు. హుసేనమ్మను గదిలో పెట్టిన దినం మీ ఆయన యాడ ఉండె?”

“ఈ బిడ్డకు గ్యాపకం లేదు.” ఆ మాట మిగతావాటికంటే తొందరగా వచ్చింది.

శేషప్ప మూట విప్పి, గుడ్డ తీసి, ఆమె ఒళ్ళో పెట్టాడు.

“ఏందది?” అన్నాడు మాదన్న.

“గుడ్డ.”

జయమ్మ దాన్ని చూడలేదు. ముందు చేత్తో పట్టుకుంది. పెళ్ళయ్యాక అయిదేళ్ళు అదే మగ్గానికి ఆమె కండెలు అందించింది, మొగుడు లేచినప్పుడు తనూ కూచుని నేసింది. కోసిన అంచు తగలగానే దాన్ని పిడికిట్లో పట్టుకుంది. కోసిన బట్టకు అర్థం ఆమెకూ తెలుసు.

“కోసింది భీమక్క,” అన్నాడు శేషప్ప మెల్లగా. “బతికుండాడని కోసింది. నిన్న ఆరుకు ఎర్రపోగు ఏసి ఆమె లేస్తే, మీ ఆయన కూచున్నాడు.”

బొటనవేలు ఎర్రపోగు దగ్గర ఆగింది. ముందుకు జరిగింది. మొదటి గీత. ఆమె పెదవులు కదిలాయి. ఏడు. ఆ గీతలేమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళుగా ఆ గంటకు ఆగే చేతులు ఆమెవి కూడా. ఎనిమిది. తొమ్మిది. పది. వేలు ముందుకు పోయి, పదకొండో గీత కోసం వెతికింది. మళ్ళీ పది దగ్గరికి వచ్చి, మళ్ళీ వెతికింది. చివరి దాకా పోయింది.

“ఆగలేదు,” అంది.

“ఏమిటండీ?” అన్నాడు వెంకటేశ్వర్లు.

“పదకొండుకు గంట ఇన్నాడు. ఇని, ఆగలేదు. నేస్తానే ఉండాడు.”

వస్తాయిలే అక్కా, అవీ వస్తాయి. శేషప్పకు అప్పుడు తెలిసింది, పొద్దుట తను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు జవాబు. గడియారం తప్పు కాదు. శుక్రవారం పదకొండు గంటలకు ఆ మనిషి చేతులు కూడా గోడ దాటాయి. అంతకు ముందైతే తిరిగి వచ్చేవాడేమో. ఆ తరవాత తన కాళ్ళతో వచ్చి ఉండడు.

“సాలు,” అన్నాడు మాదన్న. “ఆ గుడ్డ ఇట్లియ్యి.”

అప్పుడే నాలుగు కొట్టారు.

సాలలో ఇరవై జతల చేతులు పత్తి మీద ఆగిపోయాయి. కళ్ళు మూతపడ్డాయి. గుసగుసగా మొదలైంది. ఈ బిడ్డదే తప్పు. ఈ బిడ్డదే తప్పు. మాదన్న చాచిన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. అతను కదిలితే ఇరవై మంది ముందు నియమం తప్పినట్టు. వాళ్ళు కళ్ళు మూసుకున్నా చెవులు మూసుకోలేదు. అతనూ కళ్ళు మూశాడు.

జయమ్మ చేతులు ఆగలేదు.

ఆమె గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. చంకలో పెట్టుకుని లేచింది. శేషప్ప వైపు చూసి, సాల వెనక తలుపు వైపు నడిచింది. శేషప్ప ఆమె వెనకే నడిచాడు. మోకాళ్ళ సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తు లేదు. నూరులో ఎన్ని అయ్యాయి? ఇరవై? ఇరవై అయిదు?

మాదన్న కళ్ళు సగం తెరిచాడు. పెదవులు తప్పు తప్పు అంటూనే ఉన్నాయి. గడ్డంతో వెంకటేశ్వర్లుకు సైగ చేశాడు. ఆపు.

వెంకటేశ్వర్లు గోడను వదిలి వచ్చాడు. “నన్ను పిలిచింది ఉత్తరం చూపించడానికండి,” అన్నాడు మెల్లగా. “తలుపులకు కాపలా కాయడానికి కాదు.” అని తనూ వాళ్ళ వెనకే నడిచాడు.

రెండు మలుపులు. పత్తి బోరాల గది పక్కన పొట్టి తలుపు. తాళం లేదు, గొళ్ళెమే. తాళం ఎందుకు? లోపలివాళ్ళు తీయలేరు. బయటివాళ్ళు తీయరు. జయమ్మ రెండు చేతులా లాగింది. తుప్పు పట్టి కదల్లేదు. శేషప్ప తన చెయ్యి కూడా వేశాడు. సాలలో గుసగుస ఎనభైల్లోకి వచ్చి ఉంటుంది.

గొళ్ళెం ఊడివచ్చింది.

ఉచ్చీరప్ప ఎదురుగోడకు ఆనుకుని ఉన్నాడు. చేతులు ముందుకు కట్టేసి ఉన్నాయి. పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. వెలుతురుకు కళ్ళు చికిలించి ముందు శేషప్పను చూశాడు. తరవాత భార్యను చూశాడు. ఇద్దరిలో ఆమెను చూసే భయపడ్డాడు.

“నువ్వెందుకొచ్చినావు?” అన్నాడు. గొంతు సరిగా రాలేదు. “పో. ఏమీ సెప్పొద్దు. జయా, నేను సెప్తానంటి కదా. నువ్వు పో.”

శేషప్ప కూచుని అతని చేతుల కట్టు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్ళు వాచి ఉన్నాయి. వెనక గుసగుస ఆగిపోయింది. అడుగుల చప్పుడు. మాదన్న వచ్చాడు. అతని వెనక సాలలోని మనుషులు, ఇంకా చేతుల్లో పత్తితోనే.

“బిడ్డా,” అన్నాడు మాదన్న. గొంతు పెంచలేదు. “ఏం చేసినావో తెలుస్తాందా? బయట నీకెవరుండారు? ఆ గుడ్డ కింద పెట్టి రా. గంట గడవలేదు. ఒప్పుకుంటే అయిపోతాది.”

జయమ్మ గుడ్డ కింద పెట్టలేదు. వెంకటేశ్వర్లు వైపు తిరిగింది.

“రాసుకో అన్నా. ఈయన తొమ్మిదికి రాలేదు. నిన్న రెండున్నరకు లారీలో తెచ్చినారు, బోరాల మద్దెన, నోరు కట్టి. ఆ ఉత్తరం నిన్నటిది కాదు. నాలుగేండ్ల కిందట మా మామ సచ్చినప్పుడు సూసేదానికి పోయొచ్చినాడని రాయించినారు.”

వెంకటేశ్వర్లు సంచీ తెరవలేదు. “కోసిగి?” అన్నాడు.

“జయా,” అన్నాడు ఉచ్చీరప్ప.

“కోసిగి నిజమే. ఆ దినం ఈయన ఊర్లో లేడు.”

శేషప్ప చేతులు ఆగిపోయాయి. సోమవారం ప్లీడరు అడగబోయే మొదటి ప్రశ్న కుప్పకూలిపోయింది. తన సాక్షి అబద్ధం చెప్పాడు. ఎవరికోసమో అతనికి అప్పుడే అర్థమైంది. వద్దు, ఇప్పుడు వద్దు, కోర్టులో చెప్పు అని ఆమెను ఆపాలనుకున్నాడు. ఆపితే తనకూ మాదన్నకూ తేడా ఏమిటో తెలియక ఊరుకున్నాడు.

“హుసేనమ్మ నీళ్ళడిగింది,” అంది జయమ్మ. “తలుపు సందులో నుంచి నా... నా కొంగు పట్టుకుంది. కొంగు ఇడిపించి తలుపేసి, గొళ్ళెం పెట్టింది ఈయన కాదు.”

ఆ తరవాతి మాట రాలేదు. వెనక నిలబడ్డ ఇరవై మందిలో ఒక ముసలామె చేతిలోంచి పత్తి జారిపోయింది. ఆ మాట ఏమిటో వాళ్ళందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ గోడల లోపల ఎవరూ అనని మాట. జయమ్మ మొగుడి వైపు చూడలేదు. గుడ్డ మీద, గీత లేని చోట బొటనవేలు నొక్కిపెట్టి, గుటక మింగింది.

“నేను,” అంది.